పుచ్చుకఱ్ఱకు పునర్జన్మ



మా డోను మెట్టసీమలో తుమ్మచేవ విలువ నెఱుగని రైతు లేడు. నాగలికిని, బండికిని ఒకప్పు డదియే ఆధారము. మా తండ్రిగారు దున్నిన తుమ్మనాగలి అటకపై చెదపట్టి, తుదకు జానెడేసి ముక్కలు రెండు మాత్రము మిగిలెను. వానితో ఒక కలము చేయించుకొనవలెనని నా కోరిక. వడ్రంగి వానిని చూచి, “నడుమంతయు పుచ్చు. పొయ్యిలోకి తప్ప పనికిరాదు, అయ్యవారూ!” అనెను. నా మనస్సు చివుక్కుమనెను.

కఱ్ఱలోని లోపమును పూడ్చుట మనవారికి క్రొత్త విద్య కాదు. కొండపల్లివారు చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపి మక్కు చేసి, పొనికికఱ్ఱ బొమ్మల అవయవముల నతుకుదురు. ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు లక్కకడ్డీ నానింతురు. రాపిడివేడికి లక్క కరగి కఱ్ఱ నంటుకొనును. రేగు, మోదుగ మున్నగు చెట్లపై చిన్న పురుగులు చేయు లక్కయే అది. భారతములోని లక్కయింటి కథ మనమందఱము విన్నదే. అయితే మక్కును, లక్కయు గాయమును కప్పివేయును, లోపలిది కనబడనీయవు.

పాశ్చాత్యులు లక్కకు బదులు వెదకుచు కృత్రిమమైన బంకలను పుట్టించిరి. 1907లో బేక్‌లాండ్ అను రసాయనవేత్త బేకలైటును సాధించెను. 1946లో స్విట్జర్లాండున ‘అరల్డైటు’ అను ఎపాక్సీబంక వెలువడెను. ఈ జాతిలో గాజువలె నిర్మలమైనవియు కలవు.

మా మనుమడు అట్టి బంకను తెచ్చి, గట్టిపఱచు ద్రవమును కొలతప్రకారము కలిపి, మొదటి ముక్కపై పోసెను. కఱ్ఱలో తేమ మిగిలియుండుటచే బుడగలు పుట్టి అది చెడిపోయెను. ఇక నున్నది ఒక్కటే! దానిని దినములకొలది ఎండబెట్టి, పుచ్చుపొడిని కుంచెతో దులిపి, అచ్చులో నుంచి, గాలి యాడుచోట చేతులకు తొడుగులు వేసికొని మరల పోసెను. మఱునాటికి రాయివలె బిగిసెను. ఆ వడ్రంగియే దానిని తరిమెన పట్టి, నడుమ తొలిచి, సిరాగొట్టము నమర్చి, నునుపుచేసి నా చేతి కిచ్చెను.

ఇప్పు డందు చెదపురుగులు తొలిచిన దారులన్నియు స్ఫటికములోవలె కనబడుచున్నవి. గాయము దాగలేదు, కఱ్ఱ నిలిచినది. మా తండ్రిగారు అక్షర మెఱుగరు. ఆయన నాగటి కఱ్ఱతోనే ఈ ప్రసంగమును వ్రాసితిని. మీ అటకపై నున్న పాతకఱ్ఱను పొయ్యిలో పెట్టుటకు ముందు, దయచేసి ఒకమాఱు త్రిప్పి చూడుడు.