బండిని మోసేది గాలి

 

మా కాకా పటాన్‌చెరులో కంపెనీ పనికి పోతాడు. పోయిన దసరాకు ఆయన బండి మీద ముగ్గురం (తప్పే), పైన ఒక బియ్యం సంచితో నారాయణఖేడ్ దిక్కు మా తండాకు బయల్దేరినం. సంగారెడ్డి దాటినంక ఒక మలుపులో బండి వెనక భాగం పాములా ఊగింది. పడలేదు గానీ పడినంత పనైంది. పంక్చర్ షాపాయన చూస్తే వెనక టైరులో గాలి 14 పీఎస్ఐ. ఒక్కరు కూర్చుంటేనే 28 దాకా ఉండాలట. "బండిని మోసేది రబ్బరు కాదు తమ్మీ, గాలి" అన్నాడు. ఆ మాట వదలక హాస్టల్‌కు వచ్చినంక దీని చరిత్ర చదివిన.

గాలి టైరుకు 1845లోనే స్కాట్లాండ్ ఇంజినీరు రాబర్ట్ థామ్సన్ పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి ఇప్పటిలాంటి సైకిలే లేదు, అది మూలన పడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్ జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిల్ ఎగిరిపడకుండా రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడే ఆ టైర్లతో విల్లీ హ్యూమ్ సైకిల్ పందేలు గెలిచాడు. 1894లో జర్మనీలో వచ్చిన హిల్డెబ్రాండ్-వుల్ఫ్‌ముల్లర్ మోటార్ సైకిల్ కూడా గాలి టైర్ల మీదే నడిచింది.

టైరు నేలను తాకేది అరచేయంత జాగాలోనే. గాలి తగ్గితే టైరు పక్కగోడలు వంగుతాయి, హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి ఆలస్యంగా తిరిగి ఊగుతుంది, టైరు వేడెక్కుతుంది. ఎక్కువైతే ఆ అరచేయంత జాగా కూడా తగ్గి, ఇసుకలో, తడిలో జారుతుంది.

ఈ చరిత్రలో అడవి బిడ్డల కథ కూడా ఉంది. టైర్లకు గిరాకీ పెరిగేసరికి కంపెనీల కన్ను అడవి రబ్బరు మీద పడింది. 1885 నుంచి 1908 దాకా కాంగోను బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఏలాడు. పల్లెకు ఇంత రబ్బరు తేవాలని లెక్క కట్టారు. తేకపోతే ఆడవాళ్లను బందీలుగా పెట్టారు, చేతులు నరికారు. 1904లో రోజర్ కేస్‌మెంట్ నివేదికతో ఇది లోకానికి తెలిసింది. డన్‌లప్ పేరు టైరు మీద మిగిలింది. రబ్బరు తెచ్చినోళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇప్పుడు మన జిల్లాలోనే, సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీలో టైర్లు తయారవుతున్నాయి. ఆ రోడ్ల మీదే మనోళ్లు షిఫ్టు దిగి నిద్ర కళ్లతో బండ్లు నడుపుతారు. అందుకే సెలవులకు పోయే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. వేడి మీద గేజి ఎక్కువ చూపిస్తది. వెనక మనిషి ఎక్కితే ఎంత పెంచాలో బండి పుస్తకంలో ఉంటది. మా కాకాకు ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి మొదట అదే అడుగుతున్న.