సమతా తీర్పు

సమతా తీర్పు అనగా ఆంధ్ర ప్రదేశ్ లోని షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వరాదని భారత సుప్రీం కోర్టు 1997 జూలై 11న వెలువరించిన తీర్పు. "సమత" అనే స్వచ్ఛంద సంస్థ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వంపై వేసిన వ్యాజ్యంలో వచ్చింది కనుక దీనికి ఆ పేరు స్థిరపడింది. అప్పటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపట్ల ఉన్న గ్రామాల కొండలలో జరిగిన కాల్సైటు, అభ్రకం తవ్వకాలు ఈ వివాదానికి మూలం. ఈ మండలం 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

చట్టాల పూర్వచరిత్ర

మన్యం భూములకు మైదాన ప్రాంతపు భూములకు భిన్నమైన చట్టాలు ఉండడం స్వాతంత్ర్యానంతరం మొదలైనది కాదు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ పరిపాలన నుండి విడదీసి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించే చట్టం 1839లోనే వచ్చింది. ఏజెంటు పాలించే ప్రాంతం కనుక "ఏజెన్సీ" అయింది. ఈ మాట ఇప్పటికీ జనం నోట నిలిచి ఉన్నది.

మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంత భూబదలాయింపు చట్టాన్ని చేసింది. దీని ప్రకారం కొండజాతికి చెందిన వ్యక్తి తన భూమిని మరొక కొండజాతి వ్యక్తికి మాత్రమే బదలాయించాలి. ఇతరులకు బదలాయించాలంటే ఏజెంటు ముందస్తు అనుమతి అవసరం. చట్టం మంచిదే కాని, వడ్డీ వ్యాపారి కాగితంపై వేలిముద్ర వేసిన గిరిజనునికి ఆ చట్టం ఉన్నదనే సంగతి తెలియాలి కదా. భూములు చేతులు మారడం ఆగలేదు.

రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు ఈ ప్రాంతాలలో భూబదలాయింపును నిషేధించే లేదా నియంత్రించే నిబంధనలు చేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. దానిననుసరించి 1959లో మొదటి రెగ్యులేషను వచ్చింది. 1963లో దీనిని తెలంగాణా ప్రాంతానికి కూడా విస్తరింపజేశారు. దీనిలో ఒక లొసుగు ఉండిపోయింది. అప్పటికే గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి మరొక గిరిజనేతరునికి అమ్ముడుపోవడానికి అడ్డు లేదు. 1970లో చేసిన సవరణ ఈ లొసుగును మూసివేసింది. దీనినే జనవ్యవహారంలో "1/70 చట్టం" అంటారు. దీని ప్రకారం ఏజెన్సీలో స్థిరాస్తిని బదలాయించేది ఎవరైనా, తీసుకొనేది గిరిజనుడు లేదా కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయి ఉండాలి. లేనిచో ఆ బదలాయింపు చెల్లదు. అంతేకాక, గిరిజనేతరుని వద్ద ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని, కాదని ఋజువు అయ్యేవరకు భావించవలసి ఉంటుంది. ఈ రెగ్యులేషను రాజ్యాంగబద్ధమేనని 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీం కోర్టు ధ్రువీకరించింది.

గనుల చట్టం దారి వేరు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం దేశమంతటికీ ఒకటే. అందులో బంగారం, బాక్సైటు వంటివి మొదటి షెడ్యూలులో చేరిన ప్రధాన ఖనిజాలు. ఏటి ఇసుక, కంకర, భవన నిర్మాణపు రాయి చిన్నతరహా ఖనిజాలు, వాటికి నియమాలు చేసే అధికారం రాష్ట్రాలది. మంజూరు చేసేటప్పుడు భూమి ఏజెన్సీలో ఉన్నదా, మైదానంలో ఉన్నదా అని కేంద్ర చట్టం ప్రత్యేకంగా చూడలేదు. ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 1991లో ఈ చట్టానికి రాష్ట్ర సవరణ చేసి, షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు అన్వేషణ లైసెన్సు గాని మైనింగు లీజు గాని ఇవ్వరాదని, ప్రభుత్వ రంగ సంస్థలకు, గిరిజన సహకార సంఘాలకు మాత్రమే మినహాయింపు ఉంటుందని నిర్దేశించింది. కాని అంతకు ముందే ఇచ్చిన లీజుల సంగతి, వాటి పునరుద్ధరణ సంగతి తేలలేదు.

వివాదం

బొర్రా రక్షిత అడవి, దాని పరిసరాలలోని 14 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలోనివి. ఇక్కడి గిరిజనులు తరతరాలుగా సాగు చేసుకొంటున్న భూములలో అధిక భాగానికి సర్వే జరగలేదు, పట్టాలు లేవు. పట్టా లేని భూమి దస్తావేజులలో ప్రభుత్వ భూమి. ఆ ప్రభుత్వ భూమినే ప్రభుత్వం గనులకు లీజుకు ఇచ్చింది. లీజుదారులలో వ్యక్తులతో పాటు బిర్లా పెరిక్లేజ్ వంటి పరిశ్రమ కూడా ఉన్నది. రైతు తన పొలంలో తానే కూలీగా మారిన స్థితిని ఊహించుకొంటే, ఈ వ్యాజ్యం కేవలం చట్టపు పదాల చర్చ కాదని పాఠకులకు బోధపడుతుంది.

నీటి సమస్య కూడా దీనితో ముడిపడి ఉన్నది. గోస్తనీ నది ఈ కొండలలోనే పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. విశాఖపట్నం నగరానికి తాగునీటిని ఇచ్చే వనరులలో తాటిపూడి ఒకటి.

సమత సంస్థ లీజులను సవాలు చేయగా హైకోర్టు 1995లో ఆ పిటిషనును కొట్టివేసింది. రెగ్యులేషను వ్యక్తుల మధ్య బదలాయింపులకే వర్తిస్తుందని, ప్రభుత్వం "వ్యక్తి" కాదని, కనుక తన భూమిని ఎవరికైనా లీజుకు ఇవ్వవచ్చునని ప్రభుత్వ వాదన. సమత సుప్రీం కోర్టుకు వెళ్ళింది.

తీర్పు

ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఒక అభిప్రాయానికి రాగా, జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు.

రెగ్యులేషనులోని "వ్యక్తి" అనే మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందని మెజారిటీ తీర్పు చెప్పింది. తీర్పు యావత్తూ ఈ ఒక్క మాట మీద నిలిచి ఉన్నది. గిరిజనుడు తన భూమిని గిరిజనేతరునికి ఇవ్వకూడదని నిషేధించి, ప్రభుత్వం మాత్రం అదే కొండను ప్రైవేటు కంపెనీకి ఇవ్వవచ్చునంటే అయిదవ షెడ్యూలు ఉద్దేశమే నెరవేరదని న్యాయస్థానం భావించింది. కనుక ప్రభుత్వ భూమి, అటవీ భూమి, గిరిజనుల భూమి ఏదైనా సరే, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు లీజు ఇస్తే అది చెల్లదు. లీజు పునరుద్ధరణ కూడా కొత్త లీజుతో సమానమే. ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) గాని, కేవలం గిరిజనులతో ఏర్పడిన సహకార సంఘాలు గాని తవ్వుకోవచ్చును. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంతంలో పాఠశాలలు, వైద్యం, రహదారులు, పారిశుద్ధ్యం కొరకు శాశ్వత నిధిగా కేటాయించాలి. ఇటువంటి చట్టాలు లేని రాష్ట్రాల విషయంలో ముఖ్యమంత్రుల సమావేశం జరిపి జాతీయ విధానాన్ని రూపొందించాలని కూడా సూచించింది.

భిన్నాభిప్రాయం వ్రాసిన పట్నాయక్ వాదన త్రోసిపుచ్చదగినది కాదు. రెగ్యులేషను పదాలలో ప్రభుత్వాన్ని కలుపుకొనే సూచన లేదని, అయిదవ షెడ్యూలు నిషేధం ప్రభుత్వ భూములకు వర్తించదని ఆయన అన్నారు. పదానికి పదం చదివితే ఆయన వైపు బలం ఉన్నది. చట్టం ఎవరి కొరకు పుట్టినదో చూస్తే మెజారిటీ తీర్పు సరియైనదనిపిస్తుంది.

తరువాతి పరిణామాలు

తీర్పును మార్పించడానికి రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు 2000లో విఫలమయ్యాయి. అదే సంవత్సరం అయిదవ షెడ్యూలునే సవరించాలన్న ప్రతిపాదనతో కేంద్ర గనుల శాఖ తయారుచేసిన పత్రం బయటపడి ఆందోళనలకు దారితీసింది. సవరణ జరగలేదు. 2001 డిసెంబరు 10న బాల్కో కేసులో మరొక ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, మధ్య ప్రదేశ్ చట్టం వేరని చెబుతూ, సమతా తీర్పు సబబేనా అన్న విషయంలో గట్టి సందేహం వెలిబుచ్చింది. అయితే తీర్పును రద్దు చేయలేదు.

తీర్పు ఇచ్చిన మినహాయింపు నుండే అసలు చిక్కు వచ్చింది. అరకు ప్రాంతంలోని గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, చింతపల్లి వైపు జెర్రెల, సప్పర్ల కొండలపై బాక్సైటు నిక్షేపాలు ఉన్నాయి. ప్రైవేటు సంస్థ తవ్వరాదు కనుక ఏపీఎండీసీ తవ్వి, కొండ దిగువన ప్రైవేటు శుద్ధి కర్మాగారాలకు ఖనిజాన్ని ఇచ్చే ఏర్పాటు 2005లో జిందాల్ సంస్థతోను, 2007లో రస్ అల్ ఖైమా భాగస్వామ్యంలోని అన్‌రాక్ కొరకు కూడా జరిగింది. లీజు ప్రభుత్వ సంస్థ పేరున, లాభం మరొకరికి. ఇది తీర్పులోని అక్షరానికి లోబడి ఉన్నదేమో గాని దాని భావానికి లోబడినది కాదు. 2015 నవంబరులో జెర్రెల బ్లాకుల తవ్వకం కొరకు 1,212 హెక్టార్ల అటవీ భూమిని మళ్ళించే జీ.ఓ. 97 వెలువడగా మన్యమంతటా నిరసనలు రేగాయి. ప్రభుత్వం దానిని నిలిపివేసింది, 2019లో తదుపరి ప్రభుత్వం రద్దు చేసింది.

ఒడిషాలోని నియమగిరిపై 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో గ్రామసభకు మరింత బలం చేకూరింది. అక్కడ 12 గ్రామసభలూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి.

ఏటి ఇసుక, రంగురాళ్ళు

చిన్నతరహా ఖనిజాలకు 1996 నాటి పీసా చట్టం ప్రకారం గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. ఆంధ్ర ప్రదేశ్ లో దీనికి నియమాలు 2011లో గాని రాలేదు. గోదావరి తీరంలోని ఏజెన్సీ గ్రామాలలో గిరిజన సహకార సంఘాల పేరున ఇసుక ర్యాంపులు కేటాయిస్తారు. యంత్రాలు, లారీలు, పెట్టుబడి మాత్రం మైదానం నుండి వచ్చిన కాంట్రాక్టరువి. సంఘానికి దక్కేది తరచుగా కూలి డబ్బులు, సభ్యుల సంతకాలు.

రంగురాళ్ళది మరొక కథ. 1990ల నుండి నర్సీపట్నం, గొలుగొండ పరిసరాల కొండలలో, ముఖ్యంగా కరక వద్ద, వైడూర్యం వంటి రాళ్ళ కొరకు రాత్రిళ్ళు దొంగ తవ్వకాలు సాగుతూ వచ్చాయి. లీజూ లేదు, గ్రామసభా లేదు. సొరంగాలు కూలి కూలీలు మరణించిన సందర్భాలున్నాయి. రాయి చేతులు మారే కొద్దీ ధర పెరుగుతుంది, మట్టిలో దిగిన వానికి అందులో అతి తక్కువ భాగం దక్కుతుంది.