ట్రంప్‌కు ఓటేయించింది జేబా, జాతా?

2016లో ట్రంప్‌ను గెలిపించింది ఫ్యాక్టరీలు మూతపడి చితికిన తెల్ల కార్మికుల కడుపుమంటే అన్నారు చాలామంది. మరి అంతకన్నా పేదరికంలో ఉన్న నల్లజాతి ఓటర్లలో పదింట ఎనిమిది మందికి పైగా హిల్లరీ క్లింటన్‌కు ఎందుకు వేశారు? ఆర్థిక కష్టం కాదు, ఆధిపత్యం జారిపోతుందన్న భయమే కారణమని డయానా మట్జ్ 2018లో తేల్చారు. అవే లెక్కలు తిరగేసిన స్టీఫెన్ మోర్గాన్, రెంటినీ అలా విడదీయలేమన్నారు. ఇక్కడ మేం మోర్గాన్ వైపే. అంతర్యుద్ధం తర్వాతి దక్షిణాది గురించి డుబోయిస్ (1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈయనకే) 1935లోనే చెప్పారు: తెల్ల కార్మికులకు కూలి తక్కువైనా, తెల్లవాళ్లన్న మర్యాద అదనపు కూలిగా ముట్టేది. ఆ కూలి పోతుందన్న భయాన్ని ఏ ఖాతాలో రాయాలి?