పద్యనిఘంటువు నుండి జ్ఞాపక చీటీల వరకు: బాలల పదబోధనలో స్మృతి పాత్ర

వ్యాససంగ్రహం: తెలుగు పిల్లలకు మాటలు నేర్పే పద్ధతులన్నింటిలోనూ జ్ఞాపకానికి ముఖ్యస్థానం ఉంది. కాలక్రమంలో మారినది, మాటను దేనితో ముడివేసి గుర్తుంచుకోవాలన్న అంశం. ఆ మార్పును మూడు దశలలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పదబోధన, పద్యనిఘంటువు, బాలశిక్ష, బొమ్మ చీటీలు, ప్రవాస బాలలు.

1. పర్యాయపదాల ముడి

పూర్వం నిఘంటువు వెదికి చూసే గ్రంథం కాదు, కంఠస్థం చేయవలసిన గ్రంథం. సంస్కృతంలో అమరకోశం ఉన్నట్లే, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ వెలసింది. అందులో పదాలు దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగా ఉన్నాయి. ఆడిదము సూరకవి ‘ఆంధ్రనామశేషం’ దానికి పూరకమైంది. ఒక్క పేరు మరచినా పద్యపాదం కుంటుపడుతుంది కనుక ఛందస్సే జ్ఞాపకానికి కాపలా. అయితే ఈ పద్ధతి మాటను మరికొన్ని మాటలతోనే కలుపుతుంది. వస్తువు ముందే తెలిసిన విద్యార్థికే ఉపకరిస్తుంది.

2. అక్షరాల ముడి

1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష తరువాతి కాలంలో పెద్దబాలశిక్షగా విస్తరించింది. అక్షరాలు, గుణింతాలు, ఆపై రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అన్న క్రమం దాని ద్వారా తరతరాలకు పరిచితమైంది. ఇక్కడ వరుసను నిర్ణయించేది అర్థం కాదు, అక్షరసంఖ్య. చదవడం నేర్పడానికి అనువైన ఈ పద్ధతి, అర్థాన్ని ఇంటికీ ఊరికీ వదిలిపెట్టింది.

3. బొమ్మ ముడి

తెనాలి సమీపంలోని అంగలకుదురులో పెరిగే పిల్లకు ‘వరికుప్ప’ అంటే ఏమిటో పొలమే చెబుతుంది. పరదేశంలో పెరిగే తెలుగు పిల్లకు ఆ పొలం లేదు. ఆ లోటును కొంతవరకు తీర్చేది జ్ఞాపక చీటీల ఆట. జోడీలు కలిపే ఆటలు జపానులో హెయాన్ కాలపు గవ్వల ఆటనాటికే ఉన్నాయి. 1959లో జర్మనీకి చెందిన రావెన్స్‌బర్గర్ సంస్థ ‘మెమరీ’ పేరుతో బొమ్మల ఆటను వెలువరించింది. భాషాబోధనలో ఒక చీటీపై బొమ్మ, దాని జోడీపై మాట ఉంటాయి. బోర్లించిన చీటీలలో రెండింటిని తిప్పి, పైకి చదివి, జత కుదిరితే తీసుకోవాలి. ఎదుటివారు తిప్పినవీ గమనించవలసి ఉండటంతో, వల్లెవేయకుండానే ఒకే మాట పలుమార్లు చెవిన పడుతుంది.

2007లో అమెరికాలో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి ‘పదరంగం’, ‘తిరకాటం’ వంటి పోటీలను నిర్వహిస్తోంది. ఇవి చీటీల ఆటలు కాకపోయినా, పదసంపదకు ఆటే దారి అన్న దృష్టి వీటిలోనూ ఉంది.

4. పరిమితులు

బొమ్మకు లొంగేవి ప్రధానంగా నామవాచకాలు. ఒక స్త్రీ బొమ్మ ‘అత్త’నూ ‘పిన్ని’నీ వేరుచేసి చూపలేదు, బంధం తెలిస్తేనే ఆ మాట తెలుస్తుంది. ‘గలగల’, ‘తళతళ’ వంటి అనుకరణ పదాలకు చెవీ కన్నూ అనుభవించిన సందర్భం కావాలి. జోడీ కుదిరిన మాటతో వెంటనే ఒక వాక్యం చెప్పించే నియమం చేరిస్తే ఈ కొరత కొంత తగ్గుతుంది.

5. ముగింపు

పద్యం మాటకు చుట్టాలను చూపింది, బాలశిక్ష రూపాన్ని చూపింది, చీటీ వస్తువును చూపుతోంది. ఏ ఒక్కటీ మిగిలిన రెండింటికి బదులు కాదు. ఇంట్లో తెలుగు వినిపించని పిల్లలకు మొదట అందవలసినది మూడవది. అక్కడే ఆగిపోతే వారికి దక్కేది పేర్ల పట్టికే కాని భాష కాదు.