వెదురు నక్షా

చార్మినార్ ఎందుకు కట్టారని అడిగితే ప్లేగు కథ చెబుతారు, లేదంటే భాగమతి ప్రేమకథ. వినడానికి రెండూ బాగుంటాయి. భాగమతి అసలు ఉందా లేదా అన్నదానిమీదే చరిత్రకారులు ఇంకా తగువులాడుతున్నారు. తేలిన సంగతి ఏడాది: 1591. ఆ అక్టోబరులోనే హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైంది.

కట్టకముందు గీసిన నక్షా ఒక్కటీ మనదాకా రాలేదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. నగరం రూపురేఖల్లో ఆయన చెయ్యి ఉందంటారు. ఆయన గీసిన కాగితం మాత్రం లేదు. కాగితం లేకపోతేనేం, తాజియా ఉంది కదా అన్నవాళ్లున్నారు. మొహర్రంలో వెదురుబద్దలు కట్టి, రంగుకాగితాలు అతికి చేసే తాబూతు. కర్బలాలో ఇమామ్ హుసేన్ సమాధికి అది నకలు. చదరపు అడుగు, నాలుగు వైపులా కమాన్లు, మూలమూలకూ ఒక మినారు, పైన ఇంకో అంతస్తు. చార్మినార్ ముందు నిలబడి చూడండి. వెదురు రాయి అయింది, అంతే.

పై అంతస్తులో మసీదుంది కాబట్టి ఇదొక్కటే అర్థమని నేననను. కానీ ఆ సుల్తానే కొద్దికాలానికి బాద్‌షాహీ అషూర్‌ఖానా కట్టించాడు. దాని గోడల మీద రంగుపెంకులతో అలములు, అంటే మన పీర్లు, తీర్చి ఉన్నాయి. మొహర్రం అతని మనసులో ఎంతగా ఉందో ఆ గోడలే చెబుతాయి. నాకు ప్లేగు కథకన్నా తాజియా మాటే నమ్మబుద్ధవుతుంది. అప్పుడు చార్మినార్ గెలిచినోడి ద్వారం కాదు. చంపబడ్డవాళ్ల జ్ఞాపకం.

మా ముదిగుబ్బ వైపు అనంతపురం పల్లెల్లో ఈ జ్ఞాపకానికి రాయి అక్కర్లేకపోయింది. పీర్ల చావిడి, ముందు గుండం, అయిదువేళ్ల పంజా చాలు. ఆ అయిదు వేళ్లూ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. సాయిబుల ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా హిందువులే పీర్లను ఎత్తుతారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

2014లో తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ రెండూ చేరాయి. 2024 మేలో కొత్త ముద్రకు చిత్తుబొమ్మలు గీయించారు. వాటిలో ఈ రెండూ లేవని పత్రికలు రాశాయి. అవి రాచరికపు ఆనవాళ్లట. గొడవయ్యాక విడుదల ఆగింది. కట్టించింది రాజే, నిజం. ఆ రాజుకు నమూనా ఇచ్చింది మాత్రం వెదురు చీల్చి, కాగితం అతికి, పదో రోజు తాబూతును నీళ్లకు అప్పజెప్పి ఇంటికెళ్లే మనుషులు. చిత్తుబొమ్మలోంచి తీసేసింది వాళ్లను కూడా.