అగ్నిప్రమాదములు – పరస్పర సహాయము – రేడియో

వేసవిలో పూరిల్లు అంటుకొనినప్పుడు ఆ యింటివారొక్కరే నీళ్లు పోసికొనుట మన పల్లెలలో ఎన్నడును లేదు. కేక వినినవారెల్ల కడవలతోను, బిందెలతోను పరుగెత్తి వచ్చెడివారు. బావి మొదలుకొని మంట వరకు జనము వరుసగా నిలిచి చేతినుండి చేతికి నీరు అందించెడివారు. పొరుగూరివారు వచ్చినను వారికి క్రొత్తగా నేర్పవలసినదేమియు ఉండెడిది కాదు. అందరి బిందెలును ఒక్క తీరువే, అందరి మాటయు ఒక్కటే. "ఇటు పోయండి", "కప్పు లాగండి" అనిన చాలును. సహాయమునకు వచ్చినవాడు వచ్చిన క్షణముననే పనిలో కలిసిపోయెడివాడు.

పట్టణములు పెరిగి, నీటి పంపులును, పొడవైన గొట్టములును, తరువాత టెలిఫోనులును, రేడియోలును వచ్చిన పిమ్మట ఈ సులువు పోయినది. ప్రతి పట్టణమును తన సొమ్ముతో తనకు నచ్చిన సామగ్రిని కొనుచు వచ్చెను. అది పొరుగు పట్టణపు సామగ్రితో కలియునో కలియదో విచారించినవారు తక్కువ. పెద్ద మంట పుట్టి పది ఊళ్ల దళములు ఒకచోట కూడినప్పుడు గాని ఆ లోపము బయటపడలేదు. సహాయము వచ్చుట వేరు. వచ్చిన సహాయము పనిలో కలియుట వేరు. ఈ భేదమును అమెరికా దేశమువారు నూరేండ్లలో ఎంత మూల్యము చెల్లించి తెలిసికొనిరో ఈ వ్యాసమున సంగ్రహముగా చెప్పెదను.

తంతివార్తయు, నీటి గొట్టమును

1852వ సంవత్సరమున బోస్టన్ నగరములో అగ్నిప్రమాదమును తెలుపుటకు తంతివార్తా పద్ధతి ఏర్పడెను. విలియం చానింగ్ అను వైద్యుడును, మోజెస్ ఫార్మర్ అను విద్యుద్యంత్ర నిపుణుడును దీనిని రూపొందించిరి. వీధులలో పెట్టెలను అమర్చి ఒక్కొక్క పెట్టెకు ఒక సంఖ్య నిచ్చిరి. మంటను చూచినవాడు పెట్టెలోని పిడిని త్రిప్పగా ఆ సంఖ్య తీగమీదుగా కేంద్ర కార్యాలయమునకు చేరును. ఏ ప్రాంతమున మంట పుట్టెనో అచటివారు వెంటనే గ్రహింతురు. ఇది గొప్ప మేలు. అయితే దళము బయలుదేరి దారిలో నున్నప్పుడు దానితో మాటలాడుటకు తీగ వెంట రాదు.

1904 ఫిబ్రవరి 7వ తేదీ ఆదివారము నాడు బాల్టిమోర్ నగరమున ఒక వర్తక భవనములో మంట పుట్టి గాలికి నలుదిక్కుల వ్యాపించెను. వార్త నందుకొని వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ మొదలగు నగరముల దళములు తరలివచ్చినవి. మనుష్యులు వచ్చిరి, యింజనులు వచ్చెను. కాని వారి గొట్టముల మూతులకుండు మర చుట్లు బాల్టిమోర్ వీధి కుళాయిల మరలకు పట్టలేదు. కుళాయిలో నీరున్నది, చేతిలో గొట్టమున్నది, రెండును కలియుటకు మార్గము లేదు. మరునాటి సాయంకాలము మంట అదుపులోనికి వచ్చు నాటికి సుమారు 1,500 భవనములు, 140 ఎకరముల వ్యాపార కేంద్రము బూడిదయ్యెను. పిమ్మట విచారింపగా ఆ దేశమున గొట్టపు మూతులలో 600లకు మించిన రకములున్నట్లు తేలెను. 1905లో అందరికి ఒక్కటే కొలత యుండవలెనని జాతీయ ప్రమాణమును నిర్ణయించిరి.

రేడియో వ్యాసమున గొట్టముల ప్రసంగమెందుకని చదువరులు అడుగవచ్చును. తరువాతి రేడియో చరిత్రలో చాల భాగము ఈ గొట్టపు మూతి కథకు పునరావృత్తియే.

రేడియో రాక

1928లో డెట్రాయిట్ నగర పోలీసులు తమ కార్లలో రేడియోలను అమర్చుకొనిరి. కార్యాలయము పలుకగా కారులోనివారు వినగలిగిరి గాని తిరిగి బదులు చెప్పలేకపోయిరి. 1933లో న్యూజెర్సీ రాష్ట్రపు బేయాన్ పట్టణ పోలీసులు కారునుండియు మాటలాడు పద్ధతిని వాడుకలోనికి తెచ్చిరి. ఆ సంవత్సరమే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను శాస్త్రజ్ఞునికి ఎఫ్.ఎం. పద్ధతిపై పేటెంటు లభించెను. ఉరుముల చప్పుడును, యింజను గరగరయు మాటను మింగివేయకుండ ఈ పద్ధతి కాపాడినది.

రెండవ ప్రపంచ యుద్ధమున తీగల బలహీనత అందరికిని కనబడెను. 1940లో లండన్‌పై బాంబులు కురిసినప్పుడు టెలిఫోను తీగలు తెగిపోగా, సైకిళ్లమీదను, మోటారు సైకిళ్లమీదను మనుష్యులు మంటల నడుమ వార్తలు మోసిరి; వారిలో చిన్న వయసు కుర్రవాండ్రును ఉండిరి. ఆ దేశమున అప్పుడు సుమారు 1,600 అగ్నిమాపక దళములు వేర్వేరు సామగ్రితో, వేర్వేరు హోదాలతో పనిచేయుచుండెను. 1941లో వానినన్నిటిని ఒకే జాతీయ దళముగ చేర్చిరి. ఆ యుద్ధములోనే సైనికులకు చేతబట్టుకొను రేడియోలును, వీపున మోయు రేడియోలును లభించెను. యుద్ధానంతరము ఆ విద్య అగ్నిమాపక దళములకు విరివిగా అందెను.

రేడియో చెవి

రేడియో తీరును ఇచట కొంచెము తెలిసికొనవలెను. పూర్వము పంచాయతీ రేడియో ముందు కూర్చుండి వార్తలు వినినవారు దీనిని సులభముగ గ్రహింతురు. ముల్లు విజయవాడ కేంద్రము మీద నిలిచినప్పుడు మద్రాసు కేంద్రము వినబడదు. ఆకాశమున రెండు కేంద్రముల తరంగములును ఉన్నవి. పెట్టె దేనికి శ్రుతి చేయబడినదో దానినే పలుకును. తరంగము ఒక సెకండులో ఎన్నిమార్లు కంపించునో ఆ లెక్కను పౌనఃపున్యమందురు. అగ్నిమాపక దళముల రేడియోలకు ఇష్టము వచ్చినట్లు త్రిప్పుటకు ముల్లు లేదు. ముందుగా నిర్ణయించిన కొన్ని పౌనఃపున్యములు మాత్రమే వానిలో నుండును. పాత రేడియోలలో ఒక్కొక్క మార్గమునకు తగిన స్ఫటికపు ముక్కను అమర్చవలసి యుండెను. పొరుగువారి మాట వినవలెననిన వారి మార్గమునకు తగిన స్ఫటికమును ముందే కొని బిగించియుండవలెను.

అమెరికాలో ఒక పట్టణము 33 లేక 46 మెగాహెర్ట్జుల ప్రాంతమును, వేరొకటి 154 మెగాహెర్ట్జుల ప్రాంతమును, మరియొకటి 450 మెగాహెర్ట్జులకు పైనున్న దానిని ఎన్నుకొనెను. ఎవరికి వారే యమునాతీరే అన్నట్లయినది. రెండు దళముల యింజనులు ప్రక్కప్రక్కనే నిలిచియున్నను, ఒకదాని పిలుపు రెండవదానికి వినబడదు.

అందరిని ఒక్క మార్గముననే ఉంచిన సరిపోవును గదా యని తోచవచ్చును. కాని ఆ మార్గమున ఒక సమయమున ఒక్కరే పలుకవలెను. ఇద్దరు ఒక్కసారి మీట నొక్కినచో ఇద్దరి మాటయు చెడును. నూరు యింజనులు ఒకే మార్గమున చేరినచో సంతలో పిలుపువలె నగును. కావున మార్గములు వేరైన చెవుడు, ఒక్కటైన గందరగోళము. ఈ రెండింటి నడుమ దారి వెదకుటయే అసలు పని.

కాలిఫోర్నియా పాఠము

కాలిఫోర్నియా రాష్ట్రమున 1950లోనే పట్టణములును, జిల్లాలును ఆపదలో ఒకరికొకరు తోడ్పడుటకు ఒడంబడిక చేసికొనినవి. కావున సహాయమునకు కొదవ లేదు. 1970 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో 13 దినములపాటు అచటి అడవులును, కొండలును కాలెను. 16 మంది మరణించిరి. 700లకు పైగా ఇండ్లు, 5 లక్షల ఎకరములకు మించిన భూమి దగ్ధమయ్యెను. ఎన్నో దళములు వచ్చెను. కాని వారి రేడియోలు కలియలేదు, వారి ఆజ్ఞల వరుస కలియలేదు, తుదకు వారి మాటలును కలియలేదు.

మాటల సంగతి ఆశ్చర్యకరమైనది. తూర్పు రాష్ట్రములలో నీరు మోయు లారీని 'ట్యాంకర్' అనెడివారు. అడవి మంటల నార్పు పడమటి వారికి 'ట్యాంకర్' అనిన నీటిని గాని, మందును గాని పైనుండి కురియు విమానము. రేడియోలో "ఒక ట్యాంకర్ పంపుడు" అనిన లారీ కోరినవానికి విమానము రావచ్చును. విమానము కోరినవానికి లారీ రావచ్చును. పోలీసులును, కొన్ని దళములును సంఖ్యలతో సంకేతములు పలికెడివారు. ఒకే సంఖ్యకు ఒక ఊరిలో ఒక అర్థము, వేరొక ఊరిలో వేరొక అర్థము. రేడియో కలిసినంత మాత్రమున మాట కలియదని దీనివలన తేలెను.

ఈ అనుభవము మీద 1972లో ఫైర్‌స్కోప్ అను ప్రణాళిక ఆరంభమయ్యెను. దాని ఫలితముగ, ఆపద స్థలమున ఎవరు ఎవరి ఆజ్ఞకు లోబడవలెనో, ఏ వస్తువును ఏ పేరుతో పిలువవలెనో నిర్ణయించు ఒక నిర్వహణ పద్ధతి ఏర్పడినది. అది క్రమముగ దేశమంతటను వ్యాపించెను. లారీకి 'టెండర్' అనియు, విమానమునకే 'ట్యాంకర్' అనియు ఆ పద్ధతి నిర్ణయించినది. 2006 నుండి పలు శాఖలు కలిసి పనిచేయు సందర్భములలో సంకేత సంఖ్యలను విడిచి తేటమాటలనే వాడవలెనని అమెరికా ప్రభుత్వము నిబంధన చేసెను.

ఇల్లినాయ్ రాష్ట్రపు ఉత్తర భాగమున 1968లోనే వేరొక మంచి ప్రయత్నము మొదలైనది. దానిని మాబాస్ అందురు. 'పరస్పర సహాయ పెట్టె హెచ్చరిక' అని దాని పేరునకు అర్థము; బోస్టన్ వీధి పెట్టె జ్ఞాపకము ఆ పేరులో నిలిచియున్నది. ఒక ప్రాంతమున పెద్ద మంట పుట్టిన మొదట ఏ ఊరి యింజను రావలెను, మంట పెరిగిన పిమ్మట ఏ ఊరిది రావలెను అని ముందే కార్డులమీద వ్రాసి యుంచెదరు. సహాయమునకు బయలుదేరిన దళములన్నియు 154.265 మెగాహెర్ట్జుల ఉమ్మడి మార్గమునకు మారును. వేయికి మించిన దళములు ఆ ఏర్పాటులో చేరినవి. యంత్రముకంటె అచట ఒడంబడికయే ముఖ్యము.

మరచిన పాఠములు

నేర్చిన పాఠము అన్ని చోట్లను నిలువదు. 1991 అక్టోబరు 20వ తేదీన కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండలలో, ముందు దినము ఆరినదనుకొనిన గడ్డి మంట వేడిగాలికి మరల లేచెను. 25 మంది మరణించిరి. వారిలో ఒక అగ్నిమాపక అధికారియు, ఒక పోలీసు అధికారియు ఉండిరి. 3,000లకు పైగా నివాసములు కాలిపోయెను. రేడియో మార్గములు క్రిక్కిరిసిపోయెను. కొండ మలుపుల చాటున తరంగములు అందలేదు. దూరమునుండి వచ్చిన దళములలో పెక్కింటికి స్థానికులతో మాటలాడుట కష్టమయ్యెను. అంతేకాదు. ఓక్లండ్ వీధి కుళాయిల మూతి 3 అంగుళములు, వచ్చినవారి గొట్టములకు రెండున్నర అంగుళములు. 1904 నాటి గొట్టపు చిక్కును, 1970 నాటి రేడియో చిక్కును ఒకే కొండమీద, ఒకే దినమున మరల ఎదురయ్యెను. ఆ పిమ్మట రాష్ట్రమంతటికిని ఒకే ఆపన్నిర్వహణ పద్ధతి యుండవలెనని శాసనము చేసిరి.

2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్క్ జంట భవనములు కూలినప్పుడు అగ్నిమాపక దళమువారు 343 మంది ప్రాణములు విడిచిరి. రెండవ భవనము నిలువదని హెలికాప్టరు నుండి చూచిన పోలీసులు తమ రేడియోలో హెచ్చరించిరి. అగ్నిమాపక దళపు మార్గము వేరు. ఆ మాట వారికి నేరుగ వినబడలేదు. వారి మరణములకు ఇదియొక్కటే కారణమని చెప్పరాదు. ఎత్తైన భవనములో చేతి రేడియోలు సరిగా పనిచేయకపోవుటయు ఒక కారణము. అయినను ఒకే చోట పనిచేయుచున్న రెండు శాఖలలో ఒకదానికి తెలిసినది రెండవదానికి తెలియక పోవుట ఎంత ప్రమాదమో లోకమునకు తెలిసెను.

అదే దినమున వాషింగ్టన్ ప్రక్కనున్న పెంటగన్ సైనిక కార్యాలయమున మంటలు లేచినప్పుడు పొరుగు దళములు ముందునుండి కలిసి అభ్యాసము చేసియున్నందున ఆజ్ఞల వరుసలో తడబాటు తక్కువగ నుండెను. అచటను రేడియో మార్గములు క్రిక్కిరిసెను. ఒకే జాతి రేడియోలను సైతము వేర్వేరు విధముల అమర్చినందున కొన్ని ఒకదానితో నొకటి పలుకలేదని తరువాత తేలెను. యంత్రము ఒక్కటైనను అమరిక ఒక్కటి కాకున్న ఫలము లేదు. 2012లో అమెరికా ప్రభుత్వము ఆపద శాఖలన్నింటికిని దేశవ్యాప్తముగ ఒక ప్రత్యేక రేడియో వ్యవస్థ నేర్పరచుటకు శాసనము చేసెను.

మనకు తెలియు నీతి

ఈ నూరేండ్ల చరిత్రలో ఏ ఊరివారును సహాయమునకు వెనుకాడలేదు. పిలిచినంతనే వచ్చిరి; ప్రాణములకు తెగించి మంటలో దుమికిరి. లోపము వారి ధైర్యములో లేదు. ముందు కూర్చుండి మాటలాడుకొనకపోవుటలో నున్నది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వరాదని మన పెద్దలు చెప్పిరి. ఉమ్మడి మార్గము, ఉమ్మడి పేర్లు, ఏడాదికి కొన్నిమార్లు కలిసి చేయు అభ్యాసము – ఇవియే అగ్నిమాపక దళములు ముందుగ త్రవ్వుకొనవలసిన బావి. రేడియో ఏదియు పనిచేయనప్పుడు సైతము అన్ని దళముల నాయకులు ఒక్కచోట నిలిచి ఎదురెదురుగ మాటలాడుకొనుట నేటికిని మంచి మార్గముగనే ఉన్నది.

ఈ పనిలో గ్రామవాసుల పాలును కలదు. దళమునకు చేరు మొదటి వార్త మన నోటినుండియే పోవును. 101కి గాని, 112కి గాని టెలిఫోను చేయునప్పుడు ఊరి పేరు, మండలము పేరు, దారిలోని గుర్తు, కాలుచున్నది గడ్డివామియో, ఇల్లో, గ్యాసు బండయో, లోపల మనుష్యులున్నారో లేదో తేటగ చెప్పవలెను. దళమునకు ఎదురుగ ఒక మనిషిని దారి మలుపున నిలుపవలెను. పొరుగూరి మోటారు బావులు, ట్రాక్టరు ట్యాంకులు ఎచట నున్నవో, వానికొరకు ఎవరిని పిలువవలెనో ఇప్పుడే వ్రాసికొని, ఆ కాగితమును మన గ్రంథాలయపు గోడమీద అందరికి కనబడునట్లు ఉంచుట మంచిది. ఎండలు ముదురక మునుపే ఈ పని పూర్తి కావలెను.