పళ్ళున్న కాగితం

కిందటి ఉగాది భోజనాల ఏర్పాట్ల కోసం మన సంఘం సభ్యులం పదిమందిమి ఒకచోట కూర్చున్నాం. వంట బాధ్యత నెత్తిన వేసుకున్న పెద్దాయన మన దేశంలో రైల్వే స్టోర్సులో చాలాకాలం పనిచేసి రిటైరైనవారు. "కందిపప్పు ఎంత, చింతపండు ఎంత, బియ్యం ఎన్ని బస్తాలు, అన్నీ ఒక ఇండెంటు రాసివ్వండి. నోటిమాట మీద నేను సరుకు తేను" అన్నారు.

ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి నవ్వింది. "ఇండెంటు అంటే పేరా మొదట్లో వదిలే ఖాళీ కదా, తాతయ్యగారూ! అందులో పప్పు ఎట్లా రాస్తాం?" అంది. ఉక్కు పరిశోధనలో వున్న మిత్రుడొకడు "మా దగ్గర ఇండెంటు అంటే లోహం మీద గుండు నొక్కితే పడే సొట్ట" అన్నాడు. బాంకులో పనిచేసే ఇంకొకాయన "మాకు ఇండెంచరు అంటే బాండ్ల ఒప్పందపత్రం" అని అందుకున్నారు. అందరం నవ్వుకున్నాం.

ఆ రోజు మాతోపాటు డర్బన్ నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక తెలుగాయన వున్నారు. ఆయన నవ్వలేదు. కాసేపు ఆగి, "మా ముత్తాత ఇండెంచరు మీదే ఆఫ్రికా వచ్చాడు" అన్నారు. అంతే, గదిలో ఎవరికీ మాట రాలేదు.

ఒకే మాట ఇందరికి ఇన్ని రకాలుగా ఎట్లా అర్థమయింది? దాని పుట్టుక ఏమిటి? తర్వాత కొన్నాళ్ళు తీరిక దొరికినప్పుడల్లా చదివి తెలుసుకున్న సంగతులు పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ మాట మూలం లాటిన్ భాషలో పన్ను అని అర్థమిచ్చే 'డెన్స్'. మన 'దంతం' దానికి దగ్గరి చుట్టమే. ఇండెంటు చేయడమంటే అంచును పళ్ళు పళ్ళుగా కోయడం. కమ్మరి కొడవలికి కక్కు కొడతాడు చూడండి, అటువంటి అంచన్నమాట.

కాగితానికి పళ్ళెందుకు? మధ్యయుగాల ఇంగ్లండులో ఇద్దరు ఒప్పందం చేసుకుంటే, ఒకే తోలుపత్రం మీద అదే ఒప్పందాన్ని రెండుసార్లు రాసేవారు. రెండింటికీ నడుమ ఒక మాటను పెద్ద అక్షరాలతో రాసి, సరిగ్గా ఆ అక్షరాల మీదుగా వంకరటింకరగా కోసేవారు. చెరొక ముక్క చెరొకరు పట్టుకుపోయేవారు. రేపు తగాదా వస్తే రెండు ముక్కలూ తెచ్చి పక్కపక్కన పెడితే పళ్ళూ అక్షరాలూ ఒకదానిలో ఒకటి ఇమడాలి. ఇమడకపోతే అందులో ఒకటి దొంగపత్రం. రాయడం చదవడం కొద్దిమందికే వచ్చిన రోజుల్లో, చదువు రానివాడు కూడా కంటితో చూసి నిజం తేల్చుకోగల ఉపాయం ఇది. ఇట్లా కోసిన పత్రానికే ఇండెంచరు అని పేరు.

భూముల వ్యవహారాల్లో దీన్ని ఇంకా గట్టి చేశారు. 1195లో హ్యూబర్ట్ వాల్టర్ రాజ్యాధికారిగా వున్న కాలంలో, రాజుగారి కోర్టులో కుదిరిన భూమి ఒప్పందాలను ఒకే తోలు మీద రెండుసార్లు కాక మూడుసార్లు రాసే పద్ధతి వచ్చింది. రెండు ముక్కలు కక్షిదారులవి. పత్రం అడుగున రాసిన మూడోది ఖజానాలో భద్రం. అడుగున వుంటుంది కనుక దానికి 'పాదం' అని పేరు. అటువంటి పాదాలు లండన్ దగ్గర క్యూలోని జాతీయ పత్రాగారంలో ఈనాటికీ వున్నాయి.

ఒక్కడే రాసిచ్చే పత్రానికి జోడీ ముక్క అక్కరలేదు కనుక అంచును తిన్నగా కోసేవారు. తలవెంట్రుకలు సమంగా కత్తిరించడాన్ని 'పోల్' అనేవారు. అందుకని అది 'డీడ్ పోల్' అయింది. బ్రిటన్‌లో పేరు మార్చుకోవడానికి మనవాళ్ళు రాసే డీడ్ పోల్ అదే. కాలక్రమాన కోతకు పని లేకుండా పోయింది. పళ్ళుగా కోయకపోయినా ఇండెంచరు ఇండెంచరుగానే చెల్లుతుందని ఇంగ్లండులో 1845 నాటి స్థిరాస్తి చట్టం చెప్పింది. పళ్ళు పోయాయి, పేరు మిగిలింది.

అక్కడి నుంచి ఈ మాట తలా ఒక దారి పట్టింది.

ఓడల్లో, కోటల్లో, ఆసుపత్రుల్లో సరుకు కోసం పైవారికి రాసే అర్జీని ఇండెంటు అనడం కుంపిణీవారి కాలం నుంచి మన దేశపు కార్యాలయాల్లో బాగా పాతుకున్నది. ఇక్కడా ఒక ప్రతి అడిగినవాడి దగ్గర, ఒక ప్రతి ఇచ్చినవాడి దగ్గర వుంటుంది. మన పెద్దాయన పట్టుదల వూరికే వచ్చింది కాదు. అచ్చుపనివారికి పేరా మొదటి వరసను అంచు నుంచి లోపలికి జరపడం ఇండెంటు, అంటే అంచులో ఒక నొక్కు. కంప్యూటరువారు దాన్ని ఇంకా బిగించారు. 1991లో వెలువడిన పైథాన్ భాషలో ఆ ఖాళీ అందం కోసం కాదు, అది వ్యాకరణమే. ఖాళీ తప్పితే ప్రోగ్రామే నడవదు. భూగోళంవారికి ఇండెంటు అంటే తీరంలోకి సముద్రం చొచ్చుకొచ్చిన చోటు. మన తూర్పుతీరం చాలామేరకు తిన్నగా సాగుతుంది కనుక సహజమైన రేవులు తక్కువ అని, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున్న విశాఖపట్నం అందుకు మినహాయింపు అని బడిలో చదువుకున్నాం.

ఉక్కు మిత్రుడి సొట్ట మాత్రం వేరే వంశానిది. స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోకానికి చూపిన పరీక్షలో గట్టి గుండును లోహం మీద నొక్కి, పడిన గుంట వెడల్పును బట్టి ఆ లోహం గట్టిదనం లెక్కకడతారు. ఈ ఇండెంటు 'దెబ్బ' అని అర్థమిచ్చే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. దంతంతో దానికి చుట్టరికం లేదు. పన్నూ దెబ్బా ఒకే గూటికి చేరి కవలల్లా కనిపిస్తున్నాయి.

బాంకు మిత్రుడి ఇండెంచరు అసలు వంశానిదే. బాండ్లు కొన్న వేలమంది తమ ముక్కను తాము కాపాడుకోలేరని, వారి తరఫున స్వతంత్రుడైన ధర్మకర్త వుండాలని అమెరికాలో 1939లో ట్రస్ట్ ఇండెంచర్ చట్టం చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక డర్బన్ ఆయన చెప్పిన మాట. ఇంగ్లండులో పని నేర్చుకునే కుర్రవాడిని యజమానికి అప్పగించే పత్రం కూడా ఇండెంచరే. 1563 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడేళ్ళు. కుర్రవాడు చెప్పిన పని చేయాలి, యజమాని తిండి పెట్టి విద్య నేర్పాలి. ఆ పద్ధతినే సాగదీసి, ఓడ ఖర్చు ఇవ్వలేని తెల్ల బీదవారిని పదిహేడో శతాబ్దంలో అమెరికా వలసలకు తీసుకుపోయారు. విద్య నేర్పడం అక్కడే జారిపోయింది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చేసిన చట్టం 1834లో అమలులోకి వచ్చింది. చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చారు. అదే సంవత్సరం నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మందితో మారిషస్ చేరింది. తర్వాత ఆ ద్వీపానికి 4,50,000 మందికి పైగా వెళ్ళారు. వారిలో మన కోస్తా జిల్లాలవారూ వున్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అన్నారు. నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది అట్లా దిగారు.

ఒప్పందం ఐదేళ్ళు. నేటాల్‌లో మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండిగింజలు. ఏ యజమాని వాటాకు వస్తారో డర్బన్‌లో దిగాకే తేలేది. ఉత్తరాదివారి నోట 'అగ్రిమెంటు' కాస్తా 'గిర్మిట్' అయింది, వారు గిర్మిటియాలయ్యారు.

పాత ఇండెంచరులో రెండు ముక్కలూ సమానం. ఇక్కడ అట్లా కాదు. గాంధీగారు తన ఆత్మకథలో ఈ తేడాను విడమరచి చెప్పారు. మామూలు పనివాడు చెప్పకుండా పని మానేస్తే యజమాని సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. ఇండెంచరు కూలీ మానేస్తే అది నేరం, జైలు. కూలీల రక్షకుడు అనే పేరుతో ఒక అధికారి వుండేవాడు. బాండ్లవారి ధర్మకర్తకూ ఈ రక్షకుడికీ పేరులో పోలికే గాని, కూలీ ఆయన దగ్గరకు వెళ్ళాలంటే ముందు తోట దాటాలి. సెలవు లేకుండా తోట దాటడమే తప్పు.

1894లో బాలసుందరం అనే తమిళ కూలీ డర్బన్‌లో గాంధీగారి ఆఫీసుకు వచ్చాడు. చిరిగిన బట్టలు, చేతిలో తలపాగా, నోటినిండా రక్తం. యజమాని కొట్టిన దెబ్బలకు ముందు పళ్ళు రెండు విరిగిపోయాయి. గాంధీగారు డాక్టరు సర్టిఫికెట్టు రాయించి మేజిస్ట్రేటు ఎదుటికి తీసుకువెళ్ళారు. చివరకు అతనికి దొరికింది విడుదల కాదు. అతని ఇండెంచరును ఇంకొక యజమానికి మార్పించడం వరకే సాధ్యపడింది. పళ్ళతో పుట్టిన మాట చరిత్రలో ఈ ఘట్టం చదివి నేను పుస్తకం మూసి కూర్చున్నాను.

నేటాల్‌కు కూలీలను పంపడం 1911లో ఆగింది. 1917లో భారత ప్రభుత్వం ఈ పద్ధతి కింద కూలీలను చేర్చుకోవడమే ఆపింది. పోర్ట్ లూయీలో వారు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

డర్బన్ ఆయన వెళ్ళేముందు చెప్పారు. వాళ్ళింట్లో ముత్తాత కాగితం ఏదీ మిగలలేదు. మిగిలింది ఓడ జాబితాలో ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి తోచినట్లు రాసుకున్న వూరి పేరు. ఆ వూరు ఏదో ఇంతవరకు తేలలేదు. అంటే సర్కారు దగ్గరున్న ముక్క వుంది, దానికి జోడీ ముక్క మన వైపు ఎక్కడో వుండాలి. ఏ వూళ్ళోనో "మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు" అని చెప్పుకునే ఇల్లు అదే కావచ్చు. మన సభ్యుల్లో ఎవరి ఇంట్లోనైనా అటువంటి మాట విని వుంటే, వూరి పేరుతో సహా రాసి పెట్టుకోండి. పెద్దవాళ్ళను ఇప్పుడే అడగండి. రెండు ముక్కలు కలిస్తేనే ఇండెంచరు.

ఉగాది సరుకుల ఇండెంటు ఆ అమ్మాయే రాసింది. రెండు ప్రతులు తీసి, ఒకటి పెద్దాయన చేతికిచ్చి, రెండోది తన దగ్గర వుంచుకుంది.